రోజుకు 40 లక్షల సార్లు అడిగిన ఫైలు

2016 అక్టోబర్ 11. దసరా. సాయంత్రం జమ్మి ఆకు పంచుకునే వేళకు నర్మెట్ట ఊరి జిల్లా మారిపోయింది. చెరువు, బడి, గుడి, జనగామ పోయే రోడ్డు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాగితం మీద మాత్రం ఊరు వరంగల్ జిల్లాలోంచి లేచి జనగామ జిల్లాలో కూర్చుంది. ఆ ఆగస్టు 22న సర్కారు విడుదల చేసిన ముసాయిదాలో జనగామ జిల్లా పేరే లేదు. ధర్నాలు, బందులు జరిగాక గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లతో పాటు ఆఖరి ఘడియలో వచ్చి చేరింది. నర్మెట్ట మండలంలోంచి తరిగొప్పుల వేరే మండలమై విడిపోయింది.

అసలు ఒక్క రోజులో మారింది. నకళ్లు మారలేదు. పాత ఆధార్ కార్డు మీద వరంగల్ జిల్లాయే, పాత పాసుబుక్కు మీదా వరంగల్ జిల్లాయే. బండ్ల నంబర్లు చూస్తే ఇంకా ముచ్చట. ఒకే వాడకట్టులో ఏపీ 36 ఉంటుంది, టీఎస్ 03 ఉంటుంది, టీఎస్ 27 ఉంటుంది, 2024 మార్చి తర్వాత కొన్న బండికైతే టీజీ 27. ఇవేవీ అబద్ధాలు కావు. రాసిననాటి నిజాన్ని పట్టుకుని కదలకుండా కూర్చున్నవి. ఎవరో ఒకరు పనిగట్టుకుని పోయి అడిగితే తప్ప వాటంతట అవి మారవు.

కంప్యూటర్ల లోకంలో ఇలా దాచిపెట్టుకున్న నకలును కాష్ అంటారు. వెబ్‌సైట్ల కొత్త సంగతులను మోసుకొచ్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లు ఒక్కోసారి నిన్నటి దగ్గరే ఆగిపోతే అందరి వేలూ ముందు చూపించేది ఈ కాష్‌నే. ‘కాష్ క్లియర్ చెయ్’ అనేది నెట్ సెంటర్లలో కషాయం లాంటి సలహా, ఏ జబ్బుకైనా అదే. కానీ ఫీడ్‌ల చరిత్రలో పెద్ద గండాల్లో ఒకటి నకలు దాచుకున్నందుకు రాలేదు. దాచుకోనందుకు వచ్చింది.

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో నెట్‌స్కేప్ కంపెనీ. 1999 మార్చి. బ్రౌజర్ల యుద్ధంలో మైక్రోసాఫ్ట్ చేతిలో దెబ్బ తిని, ఏఓఎల్ కంపెనీ చేతుల్లోకి పోతున్న రోజులు. ‘మై నెట్‌స్కేప్’ అని వాళ్లకు ఒక ముంగిలి పేజీ ఉండేది. ఎవరికి ఇష్టమైన సైట్ల తాజా శీర్షికలు వాళ్ల పేజీలో కనబడాలి. అందుకు ప్రతి సైటూ తన కొత్త సంగతుల జాబితాను ఒక పద్ధతిలో రాసి పెట్టాలి. ఆ పద్ధతిని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు డాన్ లిబ్బీ, ఇంకొకరు మన ఐఐటీ మద్రాసులో చదివి స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసిన రామనాథన్ వి. గుహ. పేరు ఆర్‌ఎస్‌ఎస్. (నాగ్‌పూర్ సంస్థకూ దీనికీ సంబంధం లేదు.) గుహ ఆ ఏడాదే కంపెనీ వదిలి వెళ్లారు. జూలైలో లిబ్బీ దాన్ని తేలికపరచి 0.91 అని కొత్త రూపం తెచ్చారు.

కథంతా ఈ 0.91లో ఉంది. ఆ పద్ధతిలో రాసిన ప్రతి ఫీడ్ తలమీదా ఒక వరుస ఉంటుంది. ‘నా వ్యాకరణం ఫలానా చోట ఉంది, కావాలంటే చూసుకో’ అని నెట్‌స్కేప్ సైటులోని ఒక ఫైలు చిరునామా చెబుతుంది. ఆ ఫైలును డీటీడీ అంటారు. ఫీడ్‌లో ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలి, ఫ్రెంచి అక్షరాల మీది గీతల్లాంటి ప్రత్యేక చిహ్నాలను ఏ సంకేతంతో రాయాలి అన్న నియమాలు అందులో ఉంటాయి. చిన్న ఫైలు. రాసిన నాటి నుంచి మారాల్సిన అవసరమే లేని ఫైలు.

మారని దాన్ని ఒకసారి తెచ్చుకుని దగ్గర పెట్టుకుంటే చాలు. ఫీడ్‌లు చదివే చాలా ప్రోగ్రాములు ఆ పని చేయలేదు. వాటిని రాసినవాళ్లు, ఫీడ్ రాసే భాషను చదివిపెట్టడానికి తయారుగా దొరికే ఎక్స్‌ఎంఎల్ పార్సర్‌ను తెచ్చి తగిలించుకున్నారు. ఆ పార్సర్ ఫీడ్‌ను తెరిచిన ప్రతిసారీ, తలమీది వరుస చదివిన ప్రతిసారీ, నెట్‌స్కేప్ గడప తొక్కి అదే ఫైలును మళ్లీ తెచ్చుకునేది. ప్రోగ్రాం రాసినవాడికే ఆ సంగతి తెలియదు. పని జరుగుతోంది కదా, ఎవరు చూస్తారు?

2001 ఏప్రిల్‌లో మొదటి హెచ్చరిక వచ్చింది. ఏఓఎల్ ఇల్లు సర్దుకుంటూ మై నెట్‌స్కేప్‌లో ఆర్‌ఎస్‌ఎస్‌ను ఆపేసింది, దాని పత్రాలనూ పరికరాలనూ తీసేసింది. కన్నవాళ్లు వదిలేసినా బిడ్డ ఊరి చేతుల మీద పెరిగింది. డేవ్ వైనర్ 2002లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 తెచ్చారు. గూగుల్ రీడర్ 2005లో వచ్చింది. మన తెలుగులో వీవెన్ నడిపిన కూడలి, ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక తెలుగువాళ్ల రాతలన్నిటినీ ఒకచోట చూపించింది ఈ ఫీడ్‌ల పుణ్యాననే. 0.91 నాటి ఫీడ్‌లు మాత్రం తలమీద ఆ పాత చిరునామా మోసుకుంటూనే తిరిగాయి.

2007 జనవరి. ఆ చిరునామాలో ఫైలు లేదు.

అప్పుడు ఒక మామూలు రీడర్ ప్రోగ్రాం లోపల ఏం జరిగి ఉంటుందో వరుసగా చూద్దాం. గంట కొట్టింది, ప్రోగ్రాం నిద్ర లేచింది. వార్తల సైటుకు పోయి ఫీడ్ అడిగింది. సైటు ఇచ్చింది, అందులో తాజా వార్తలన్నీ ఉన్నాయి. పార్సర్ మొదటి వరుస చదివి, అలవాటు ప్రకారం నెట్‌స్కేప్ దగ్గరికి పరిగెత్తింది. అక్కడ లేదన్నారు. వ్యాకరణం లేకుండా చదవనని పార్సర్ మొరాయించింది. ప్రోగ్రాం ఏం చేయాలి? కొత్త ఫీడ్ చేతిలో ఉంది కానీ చదవలేదు. పాత నకలు పెట్టెలో ఉంది. పాతదాన్నే తీసి తెరమీద పెట్టింది. చదివే మనిషికి ఎర్రక్షరాల్లో ఏ తప్పూ కనబడదు. నిన్నటి వార్తలే మళ్లీ కనబడతాయి. ఆయన చేసేదేమిటి? కాష్ క్లియర్ చేస్తాడు. అప్పుడు ఆ పాత వార్తలు కూడా పోతాయి.

గోల లేచింది. నెట్‌స్కేప్ ఫైలును తిరిగి పెట్టింది, జూలై 1 వరకే ఉంచుతామని గడువు చెప్పింది. ఆ సందర్భంగా బయటికొచ్చిన లెక్క చూసి సాంకేతిక లోకం నోరు వెళ్లబెట్టింది. ఆ ఒక్క ఫైలును జనం ప్రోగ్రాములు రోజుకు 40 లక్షల సార్లు అడుగుతున్నాయి. ఏడేళ్లకు పైగా మారని ఫైలును. తర్వాత ఆ పాత పత్రాల బాగోగులు ఆర్‌ఎస్‌ఎస్ అడ్వైజరీ బోర్డుకు చేరాయి. నెట్‌స్కేప్ బ్రౌజర్‌కు 2008 మార్చి 1తో ఏఓఎల్ మద్దతు ఆపేసింది.

నలభై లక్షలు చిన్న సంఖ్యే అనిపించే రోజు తొందరలోనే వచ్చింది. 2008 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ తన గోడు వెళ్లబోసుకుంది. హెచ్‌టీఎంఎల్ వ్యాకరణం ఫైళ్లను రోజుకు 13 కోట్ల సార్ల దాకా అడుగుతున్నారట. అడిగేవి ఎక్కువగా మనుషులు వాడే బ్రౌజర్లు కావు, జావాతోనో పైథాన్‌తోనో రాసిన ప్రోగ్రాములు. పదేపదే అడిగేవాటికి ఆ సంస్థ ఆలస్యంగా జవాబివ్వడం, 503 అని తలుపేయడం మొదలుపెట్టింది. ఉచితంగా దొరుకుతుంది కదా అని ప్రమాణాలు రాసేవాళ్ల సర్వర్‌నే మన గూడుగా వాడుకోవడం నా దృష్టిలో బద్ధకం కూడా కాదు, మర్యాద తెలియకపోవడం.

ఫీడ్‌లదీ ఇదే రోగం. 2004 జూలైలో ఇన్ఫోవరల్డ్ పత్రిక సాంకేతిక అధిపతి చాడ్ డికర్సన్ తమ సర్వర్ల పరిస్థితి రాశారు. ప్రతి గంట మొదటి నిమిషంలో లోకంలోని రీడర్లన్నీ ఒక్కసారిగా మీద పడుతున్నాయి, దాడి చేసినట్టే ఉంది అని దాని సారాంశం. ప్రోగ్రాములు ‘గంటకోసారి’ అంటే గడియారంలో పన్నెండు దగ్గర ముల్లు నిలవగానే అని అర్థం చేసుకున్నాయి మరి.

దీనికి మందు అప్పటికే ఉంది, అదీ చాలా పాతది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0లోనే ‘మారితేనే ఇవ్వు’ అని అడిగే వీలుంది. తర్వాత వచ్చిన 1.1లో ఈట్యాగ్ అనే ముద్ర కూడా చేరింది. సర్వర్ ఫీడ్ ఇచ్చేటప్పుడు దాని మీద ఒక ముద్ర వేసి ఇస్తుంది. రీడర్ మళ్లీ వచ్చినప్పుడు ఆ ముద్ర చూపిస్తుంది. ఏమీ మారకపోతే సర్వర్ 304 అనే అంకె ఒక్కటి చెప్పి ఊరుకుంటుంది. మారితే 200 చెప్పి కొత్త ఫీడ్ మొత్తం ఇస్తుంది. 2002 అక్టోబర్‌లో చార్లెస్ మిల్లర్ అనే ప్రోగ్రామర్ దీన్ని ఫీడ్ రాసేవాళ్లకు అర్థమయ్యేలా వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. ఆర్‌ఎస్‌ఎస్ 2.0లోనే టీటీఎల్ అనే చిన్న ముక్క ఉంది, ఈ నకలును ఎన్ని నిమిషాలు దాచుకోవచ్చో ఫీడే చెబుతుంది.

మందు ఉన్నంత మాత్రాన రోగం పోదు. మోతాదు తప్పితే అదే కొత్త రోగం. అడగాల్సినన్ని సార్లకన్నా ఎక్కువ అడగడం మొదటి పాపమైతే, మారినా మారలేదనుకోవడం రెండోది. ఇప్పుడు మన చిన్న సైట్లు బాధపడేది ఎక్కువగా ఈ రెండో దానితోనే.

అందరికీ తెలిసిన వర్డ్‌ప్రెస్‌నే తీసుకోండి. మీ పేజీలో ఇంకో సైటు ఫీడ్ చూపించాలంటే అది ఒకసారి తెచ్చుకున్న నకలును 12 గంటలు దాచుకుంటుంది. పొద్దున ఆరింటికి తెచ్చుకుంటే, ఏడింటికి అక్కడ కొత్త ప్రకటన వచ్చినా మీ పేజీలో సాయంత్రం దాకా కనబడదు. చెడిపోయిందని ఫోన్లు వస్తాయి. చెడింది ఏమీ లేదు, చెప్పినట్టే నడుస్తోంది. మొదట కనుక్కోవాల్సింది ఈ గడువు ఎంతో.

ఇంకోటి వింతగా ఉంటుంది. ఎంతసేపు దాచుకోవాలో సర్వర్ చెప్పకపోతే, మధ్యలో ఉన్న నకళ్ల గోదాములు తామే ఊహించుకోవచ్చని నియమం ఉంది. అది చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో పదో వంతు కాలం తాజాగానే ఉందనుకోవడం ఆ ఊహకు మామూలు లెక్క. అంటే 100 రోజులుగా కదలని ఫీడ్‌ను 10 రోజులు అడక్కుండా ఉంచుకోవచ్చు. రోజూ పది వార్తలు పెట్టే పెద్ద పత్రికకు దీనితో ఇబ్బంది లేదు. మూడు నెలలకోసారి ప్రకటన పెట్టే పంచాయతీ సైటుకు, ఊరి గ్రంథాలయం పేజీకి ఇదే గండం. అరుదుగా మాట్లాడేవాడి మాటే ఆలస్యంగా చేరుతుంది. కాష్ కంట్రోల్ అనే ఒక్క వరుస సర్వర్‌లో రాసిపెడితే ఈ ఊహ ఆగిపోతుంది.

నన్నడిగితే ఎక్కువగా పట్టుబడే దొంగ వేరు. 2007లో జరిగిందే ఇప్పుడూ జరుగుతుంది: కొత్త ఫీడ్ వస్తుంది కానీ చదవడం కుదరదు, రీడర్ నోరు మూసుకుని పాతదే చూపిస్తుంది. ఇంగ్లీషు శీర్షికలో ఒక ‘అండ్’ గుర్తును సంకేతం లేకుండా నేరుగా వాడినా ఎక్స్‌ఎంఎల్ విరిగిపోతుంది. తెలుగులో దీనికన్నా సూక్ష్మమైన ప్రమాదం ఉంది.

నర్మెట్ట అన్న పేరే చూడండి. మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో న, ర, పొల్లు, మ, ఎత్వం, ట, పొల్లు, ట అని ఎనిమిది గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు, మొత్తం 24. జనగామకు 15. అదే ఇంగ్లీషులో ఒక్కో అక్షరానికి ఒక్కటే బైటు. ఇప్పుడు ఫీడ్ తయారుచేసే ప్రోగ్రాంలో ‘వార్త సారాంశం 200 బైట్ల దగ్గర కోసెయ్’ అని ఎవరో రాశారనుకోండి. పీహెచ్‌పీలో సబ్‌స్ట్రింగ్ కోసే మామూలు ఆజ్ఞ అక్షరాలను చూడదు, బైట్లను లెక్కపెడుతుంది. ఇంగ్లీషు వార్త ఎక్కడ కోసినా అక్షరానికీ అక్షరానికీ మధ్యే తెగుతుంది. తెలుగు వార్తలో కత్తి మూడు బైట్ల మధ్యలో పడొచ్చు. ‘మ’లో రెండు వంతులు ఫీడ్‌లో మిగిలి మూడో వంతు గాలికి పోతుంది. ఆ తెగిన ముక్క ఏ అక్షరమూ కాదు. కచ్చితంగా ఉండే పార్సర్ అక్కడితో ఆగిపోతుంది, మొత్తం ఫీడ్‌ను తిరస్కరిస్తుంది.

ఇక్కడి తమాషా చూడండి. కత్తి ఎక్కడ పడుతుందన్నది ఆ రోజు వార్తలో ఒక్కో బైటే పట్టే ఖాళీలు, అంకెలు ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. సోమవారం సరిగ్గా వస్తుంది, మంగళవారం ఆగిపోతుంది, ఆ వార్త జాబితా చివరికి జారి బయటపడ్డాక శుక్రవారం దానంతటదే బాగైపోతుంది. మధ్యలో కాష్ క్లియర్ చేసినవాడు తన వల్లే బాగైందనుకుంటాడు. మళ్లీ ఇంకో మంగళవారం ఇదే. ఇంగ్లీషు సైటులో పరీక్షించి ఇచ్చిన ప్రోగ్రాం తెలుగు సైటులో ఎందుకు తడబడుతుందో అమ్మినవాడికి తెలియదు. బహుబైట్ల అక్షరాలు తెలిసిన ఆజ్ఞ పీహెచ్‌పీలోనే వేరే ఉంది. పాత ఆజ్ఞ పేరు ముందు ‘mb_’ చేర్చి రాస్తే చాలు, ఈ దొంగ దొరికినట్టే.

సైటుకూ రీడర్‌కూ సంబంధం లేని చోట కూడా దారి మూసుకుపోవచ్చు. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాల వెనకున్న ఒక పాత మూల ధ్రువపత్రం గడువు తీరింది. ఆ రోజు నుంచి పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఎన్నో యంత్రాలు, మంచిగా ఉన్న సైట్లను కూడా నమ్మలేమని వెనక్కి తిరిగాయి. బ్రౌజర్‌లో తెరిస్తే సైటు బాగానే ఉంటుంది, ఫీడ్ మాత్రం ఆ తేదీ దగ్గరే ఆగి ఉంటుంది. ఈ మధ్య సైట్ల ముందు కాపలా పెట్టిన సేవలు ఇంకో అడ్డు. రీడర్ రాగానే ‘నువ్వు మనిషివేనా’ అని అడుగుతాయి. అది మనిషి కాదు కదా, 403 మొహాన కొట్టించుకుని తిరిగొస్తుంది.

మరి ఆగిపోయిన ఫీడ్‌ను ఎక్కణ్నుంచి పట్టుకోవాలి? చివరి నుంచి కాదు, మొదటి నుంచి. ఫీడ్ చిరునామానే నేరుగా బ్రౌజర్‌లో తెరిచి మొదటి వార్త తేదీ చూడాలి. అక్కడే పాతదుంటే రీడర్‌ను తిట్టి లాభం లేదు. చిరునామా చివర ప్రశ్న గుర్తు, ఏదో ఒక అంకె చేర్చి మళ్లీ తెరవండి. ఇప్పుడు కొత్తది కనబడితే మధ్యలో ఎవరో పాత నకలు పట్టుకుని ఉన్నారు. అప్పుడూ పాతదే వస్తే తప్పు సైటులోనే. రెండు చోట్లా కొత్తదే ఉండి రీడర్‌లో మాత్రం పాతదుంటే ఆ చిరునామాను డబ్ల్యూ3సీ వారి ఫీడ్ పరీక్ష సేవలో పెట్టండి. తెగిన అక్షరమో, విరిగిన గుర్తో ఉంటే ఎన్నో వరుసలో ఉందో అదే చెబుతుంది. అదీ శుభ్రంగా ఉంటే అప్పుడు మీ పెట్టె చూసుకోవాలి. నకళ్లు దాచే ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి ఉందా, గడువు ఎంత పెట్టారు, గంటకోసారి లేపే క్రాన్ పని అసలు నడుస్తోందా. కాష్ క్లియర్ చేయడం ఈ వరుసలో అన్నిటికన్నా చివర. ముందే చేస్తే ఆధారం చెరిగిపోతుంది, తప్పు మిగిలిపోతుంది.

ఫీడ్ రీడర్లు తయారుచేసే ఇంజనీర్లకు ఒక మాట. కొత్త ఫీడ్ చదవలేకపోయినప్పుడు పాతది చూపించడం మంచిదే, కానీ చూపిస్తున్నది పాతదని ఏదో ఒక మూల చిన్న వరుస రాయండి. ‘చివరిగా అందింది ఫలానా తేదీన’ అని ఒక్కటుంటే సగం ఫోన్లు రావు.

పాఠకులకు ఇంకో మాట. మీ మండలం సైటో, బడి పేజీయో, గ్రంథాలయం పేజీయో నిన్నటి దగ్గరే ఆగిపోతే, చూసుకునేవాళ్లకు ‘పనిచేయట్లేదు’ అని మాత్రం రాయకండి. ఫీడ్ చిరునామా, అందులో మొదటి వార్త తేదీ, తెరిచినప్పుడు వచ్చిన జవాబు అంకె రాసి పంపండి. ఆ మూడూ ఉంటే వాళ్లు వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది.